నల్ల బీరు, లేత బీరు కలపడం: పాళ్ళు, పొరలు, పొరపాట్లు

ప్రశ్న క్లుప్తంగా: "మాది ఒడిశాలోని బరంపురం. కింద బంగారు రంగు, పైన నలుపు పొరలుగా నిలిచే బీరు గ్లాసు వీడియోలో చూసి ఇంట్లో ప్రయత్నించాను. స్ట్రాంగ్ బీరు సగం పోసి దాని మీద సీసా స్టౌట్ (నల్ల బీరు) పోశాను. పొర నిలవలేదు, మొత్తం బురద రంగుకి తిరిగింది. నురగ పొంగి బల్ల మీదకి వచ్చింది. తాగితే మాడిన చేదు. తప్పెక్కడ జరిగింది? మా వైపు దొరికే వాటితో ఇది కుదురుతుందా? పక్కన ఏం తింటే బాగుంటుంది?"

కుదురుతుంది. మీ చేతివాటంలో తప్పు తక్కువ, మీరు ఎంచుకున్న జతలోనే ఎక్కువ. పొర, నురగ, చేదు అని మూడు చెప్పారు. వాటికి మూడు వేరువేరు కారణాలున్నాయి. పొర విరగడానికి కారణం బరువు. నురగ పొంగడానికి కారణం వేడి, గ్లాసు. చేదుకి కారణం పాళ్ళు. అన్నిటికన్నా ముఖ్యమైనది ఆ మూడోదే. పొరలు కంటికి అందం, నాలుకకి కావలసింది పాళ్ళు. పొర రాకపోయినా పాళ్ళు కుదిరిన గ్లాసు హాయిగా తాగొచ్చు. పాళ్ళు తప్పిన గ్లాసు ఎంత అందంగా నిలబడినా సగంలో పక్కన పెట్టేస్తారు.

ముందు బరువు సంగతి. నల్లగా ఉంది కాబట్టి స్టౌట్ బరువైనదని, లేత రంగు బీరు తేలికని చాలామంది అనుకుంటారు. రంగుకీ బరువుకీ సంబంధం లేదు. నలుపు వచ్చేది బాగా వేయించిన బార్లీ నుంచి, అదీ మొత్తం గింజల్లో కొద్ది భాగమే. బీరు బరువు రెండిటి మీద ఆధారపడుతుంది: పులియగా మిగిలిన తీపి పదార్థం ఎంత, ఆల్కహాల్ ఎంత. మిగిలిన పదార్థం బరువు పెంచుతుంది. ఆల్కహాల్ నీటి కన్నా తేలిక కాబట్టి తగ్గిస్తుంది. వీడియోల్లో పైన తేలే నల్ల బీరు దాదాపు ఎప్పుడూ ఐర్లండు స్టౌట్ గిన్నిస్ డ్రాఫ్ట్. అందులో ఆల్కహాల్ 4.2 శాతమే. చూడ్డానికి చిక్కగా ఉన్నా పులిశాక మిగిలే పదార్థం తక్కువ. అందుకే ఇంగ్లండు తరహా పేల్ ఏల్ (లేత రంగు, కాస్త చిక్కటి బీరు) మీద అది తేలుతుంది.

మీరు చేసినది దానికి సరిగ్గా తలకిందులు. మన దగ్గర స్ట్రాంగ్ అని అమ్మేవి ఎక్కువగా 7, 8 శాతం ఆల్కహాల్ ఉన్న లేత రంగు లాగర్లు, అంటే చల్లగా, నెమ్మదిగా పులియబెట్టే బీర్లు. బార్లీతో పాటు బియ్యం, మొక్కజొన్న, చక్కెర పాకం లాంటివి వేసి, తీపి దాదాపు మిగలకుండా పులియబెడతారు. తీపి తక్కువ, ఆల్కహాల్ ఎక్కువ, అంటే తేలికైన ద్రవం. దాని మీద ఒంట్లో పదార్థం ఉన్న సీసా స్టౌట్ పోస్తే అది కిందకి దిగక మానదు. దిగుతూ దిగుతూ మొత్తం కలిపేస్తుంది. మీరు చూసిన బురద రంగు అదే.

సీసాల జత మారిన ప్రతిసారీ ఊహించుకోనక్కర్లేదు, ముందే తేల్చుకోవచ్చు. సన్నటి చిన్న గాజు గ్లాసులో లేత బీరు 60 మిల్లీలీటర్లు పోయండి. చెంచాతో తిప్పి గ్యాస్ కాస్త పోనివ్వండి, లేకపోతే బుడగలు మోసం చేస్తాయి. ఇంకో గిన్నెలో నల్ల బీరు కొంచెం పోసి దాన్నీ అలాగే తిప్పండి. రెండూ ఒకే చల్లదనంలో ఉండాలి. పిల్లల మందు సిరంజిని శుభ్రంగా కడిగి నల్ల బీరు 2 మిల్లీలీటర్లు తీసుకుని, మొన లేత బీరు ఉపరితలానికి ఆనించి నెమ్మదిగా వదలండి. నీళ్ళలో సిరా చుక్క వేసినట్టు నల్లటి దారాలు తిన్నగా అడుగుకి దిగితే నల్లది బరువు. పైనే గొడుగులా పరుచుకుని, అడుగు తేటగా ఉండిపోతే నల్లది తేలిక. మధ్యలో మబ్బులా వేలాడితే రెండూ దాదాపు ఒకే బరువు. ఆ జతతో పొర కోసం తంటాలు పడకండి, కలిపి తాగడమే మేలు.

నల్లది బరువని తేలితే వరస మార్చేయండి. స్టౌట్ అడుగున, లేత బీరు పైన. ఇది తప్పేమీ కాదు. నలుపు మీద బంగారు రంగు నిలబడటం కూడా చూడముచ్చటగానే ఉంటుంది. తేడా ఒకటే: మొదటి గుటకల్లో లేత బీరే ఎక్కువ వస్తుంది, వేయించిన రుచి చివరికి చేరేకొద్దీ పెరుగుతుంది. అన్నం ముందు తేలికగా మొదలుపెట్టాలనుకునేవాళ్ళకి ఇదే బాగుంటుంది. మామూలు వరసే కావాలంటే అడుగున స్ట్రాంగ్ వద్దు. 5 శాతం చుట్టుపక్కల ఉండే మైల్డ్ లాగరో, ఇంకా మంచిది గోధుమ గింజలతో కాచే, కాస్త చిక్కగా ఉండే గోధుమ బీరో, పేల్ ఏలో వాడండి.

చల్లదనం కూడా కొంచెం సాయపడుతుంది. చల్లటి ద్రవం వెచ్చటి దాని కన్నా స్వల్పంగా బరువు. 4 డిగ్రీల నీటికీ 12 డిగ్రీల నీటికీ సాంద్రతలో తేడా లీటరుకి అర గ్రాము. బీరులోనూ దాదాపు అంతే. తేలాల్సినదాన్ని ముంచడానికి అది చాలదు. అయితే రెండు బీర్లూ సమానంగా తూగుతున్నప్పుడు అడుగుది బాగా చల్లగా, పైది కొంచెం తక్కువ చల్లగా ఉంచితే మొగ్గు మనవైపు తిరుగుతుంది. స్టౌట్ అడుగున పోసేటప్పుడు కూడా ఇదే సూత్రం, బీర్లు తారుమారవుతాయంతే.

ఇక నురగ. బీరులో కరిగి ఉన్న గ్యాస్ వెచ్చదనానికి బయటికి దూకుతుంది. బరంపురం ఉక్కలో దుకాణం నుంచి తెచ్చిన సీసా ఫ్రిజ్ తలుపు అరలో గంటసేపు పెడితే పైన గాజు చల్లబడుతుంది, లోపల బీరు చల్లబడదు. కనీసం నాలుగైదు గంటలు ఫ్రిజ్ లోపలి అరలో, వెనక్కి పెట్టండి. తొందరగా కావాలంటే బకెట్లో ఐసు, నీళ్ళు, గుప్పెడు కల్లుప్పు వేసి సీసాని మెడ దాకా ముంచండి. 20 నిమిషాల్లో పని అవుతుంది. ఒట్టి ఐసు ముక్కల్లో గుచ్చితే ఇంత వేగం రాదు, ఎందుకంటే ముక్కల మధ్య గాలే ఉంటుంది. నీళ్ళుంటేనే సీసా ఒంటికి చలి అంటుకుంటుంది. డీప్ ఫ్రీజర్లో పెట్టి మర్చిపోకండి, గడ్డకట్టి సీసా పగులుతుంది. కరెంటు తరచూ పోయే ఊళ్ళలో బకెట్టే నమ్మకం.

రెండో దోషి గ్లాసు. గ్లాసు మీద నూనె, సబ్బు పొర ఉంటే నురగ నిలవదు, చప్పున చచ్చిపోతుంది. దుమ్ము, తుండుగుడ్డ పీచు ఉంటే ప్రతి పీచు దగ్గర బుడగలు పుట్టి పొంగుతుంది. చేపల కూర తిన్న చేతుల జిడ్డు అంటిన స్టీలు గ్లాసులతో పాటు కలిపి కడిగిన గాజు గ్లాసు ఎప్పుడూ ఇలాగే ఏడిపిస్తుంది. వంటసోడా చెంచాడు వేసి విడి స్పాంజితో రుద్ది, ధారాళంగా కడిగి, గుడ్డతో తుడవకుండా జాలీ మీద బోర్లించి ఆరనివ్వండి. శుభ్రమైందో లేదో చూడాలంటే తడి గ్లాసు లోపల సన్న ఉప్పు చల్లండి. శుభ్రంగా ఉన్నచోట ఉప్పు సమంగా అంటుకుంటుంది, జిడ్డున్నచోట జారిపోయి ఖాళీ మచ్చ కనిపిస్తుంది. బీరు పోశాక గ్లాసు గోడకి బుడగలు గుంపుగా అతుక్కుని కదలకపోయినా అది మురికి గ్లాసే.

పోసే పద్ధతి ఇది. అర లీటరు పట్టే నిలువు గాజు గ్లాసు తీసుకోండి. అడుగు బీరుని గ్లాసు 45 డిగ్రీలు వంచి గోడ వెంట పోయండి. సగానికి కొంచెం తక్కువలో ఆపి, గ్లాసు నిలబెట్టి చివరి గుక్కెడు మాత్రం నడిమధ్యలో పోసి రెండు వేళ్ళ మందం నురగ తెప్పించండి. ఈ నురగే పరుపు. పైనుంచి పడే ధార దెబ్బని అది మింగుతుంది. ఇప్పుడు ఒక నిమిషం ఆగండి. లోపల బుడగలు పైకి పరుగెత్తుతున్నంతసేపు అవే కవ్వంలా చిలుకుతుంటాయి. చాలామంది ఆగనిది ఇక్కడే. తరవాత పెద్ద స్టీలు చెంచా, పులుసు వడ్డించే గుంట గరిటె అయినా సరే, బోర్లించి దాని మొన గ్లాసు గోడకి ఆనించండి. వీపు నురగకి అంగుళం పైన ఉండాలి. ఆ వీపు మీద రెండో బీరుని దీపంలో నూనె పోసినంత సన్నటి ధారగా వదలండి. గ్లాసు నిండేకొద్దీ గరిటెని పైకి జరపండి. సగం గ్లాసు నింపడానికి ఒక నిమిషం పైనే పట్టాలి. ధార గరిటె అంచు దాటి సూటిగా పడిందా, ఆ ఒక్క క్షణంలోనే పొర విరుగుతుంది.

సీసా స్టౌట్ కన్నా నైట్రోజన్ డబ్బా స్టౌట్ పొరకి ఎందుకు అనువో కూడా తెలుసుకోండి. మామూలు బీరులో ఉండేది కార్బన్ డయాక్సైడ్, బుడగలు పెద్దవి, చురుకు. గిన్నిస్ డ్రాఫ్ట్ డబ్బాలో కార్బన్ డయాక్సైడ్ సగానికి సగం తక్కువ, దానితో పాటు నైట్రోజన్ ఉంటుంది. డబ్బా లోపల చిన్న ప్లాస్టిక్ గుండు ఒకటి ఉంటుంది. మూత తెరవగానే ఆ గుండు నుంచి తోసుకొచ్చిన గ్యాస్ వల్ల మీగడలాంటి సన్న నురగ కడుతుంది. ఈ డబ్బాలు మొదట అమ్మకానికి వచ్చింది 1988లో. అలాంటి డబ్బాని వెచ్చగా తెరిస్తే మాత్రం చేయి తడిసిపోతుంది. మూడు గంటలకి తక్కువ కాకుండా చల్లబరచండి, కదిలించకండి. మన చిన్న ఊళ్ళలో ఈ డబ్బా దొరకడం కష్టం. దొరక్కపోతే నష్టం పొరకే, రుచికి కాదు.

ఇప్పుడు అసలు సంగతి, పాళ్ళు. వీడియోల్లో సగం సగం అంటారు. 4.2 శాతం మెత్తటి స్టౌట్‌తో అది సరిపోతుంది. వేయించిన ఘాటు ఎక్కువున్న సీసా స్టౌట్‌తో సగం సగం చాలా ఎక్కువ. నల్ల బీరుని పోపులా చూడండి. పప్పుకి పోపు ప్రాణమే. కానీ పోపు గింజలే గిన్నె నిండా ఉంటే ఎవరూ తినలేరు, మాడితే అసలే తినలేరు. స్టౌట్‌లో చేదు రెండు రకాలు: హాప్స్ పువ్వుల చేదు ఒకటి, వేయించిన బార్లీ కమురు చేదు ఒకటి. కమురుతో పాటు కొంచెం పులుపు కూడా ఉంటుంది, ఎందుకంటే వేయించిన గింజలు ద్రవాన్ని ఆమ్లం వైపు లాగుతాయి. అడుగున మాల్ట్ (మొలకెత్తించి ఆరబెట్టిన బార్లీ) తీపి ఉన్న బీరు ఉంటే అది ఈ కమురుని మోస్తుంది, రొట్టె మాడు, కాఫీ, చాక్లెట్ వాసనగా మారుస్తుంది. అడుగున తీపి లేని స్ట్రాంగ్ లాగర్ ఉంటే మోసేవాళ్ళు లేరు. కమురు ఒంటరిగా మిగులుతుంది, దానికి ఆల్కహాల్ మంట తోడవుతుంది. మీ నోటికి తగిలిన మాడిన చేదు ఇదే.

మీ సీసాలకి మీ పాళ్ళు తేల్చుకోవడానికి 30 మిల్లీలీటర్ల కొలత గ్లాసు చాలు. నాలుగు చిన్న గ్లాసుల్లో లేత బీరు, నల్ల బీరు ఇలా పోయండి: 90కి 30, 80కి 40, 60కి 60, 40కి 80. నెమ్మదిగా ఒక్కసారి తిప్పి, తక్కువ నలుపున్నదానితో మొదలుపెట్టి రుచి చూడండి. తలకిందులుగా మొదలుపెడితే కమురు నాలుక మీద కూర్చుని మిగతావి నీళ్ళలా అనిపిస్తాయి. లాగర్‌తో అయితే ఎక్కువమంది రెండోదగ్గర, అంటే రెండు పాళ్ళు లేత, ఒక పాలు నలుపు దగ్గర ఆగుతారు. నా మాట కూడా అదే. మూడుకి ఒకటి అంటే రంగు మారి వాసన తగులుతుంది గానీ ఒళ్ళు పలచగానే ఉంటుంది. నలుపు సగం దాటితే అది కలిపిన బీరు కాదు, నీళ్ళు కలిపిన స్టౌట్ లాగా ఉంటుంది.

ఈ రెండుకి ఒకటి లెక్క మన సీసాలకి భలే అతుకుతుంది. 650 మిల్లీలీటర్ల లేత బీరు సీసా ఒకటి, 330 మిల్లీలీటర్ల స్టౌట్ ఒకటి: మొత్తం 980, సరిగ్గా ముగ్గురికి. ముందు మూడు గ్లాసుల్లోనూ లేత బీరు తలా 215 పోసి, ఆ తరవాత స్టౌట్ తలా 110 పంచండి. ఒక గ్లాసు పూర్తిచేసి ఇంకోటి మొదలుపెడితే మూడో గ్లాసుకి స్టౌట్‌లో గ్యాస్ చచ్చిపోతుంది. తెరిచిన సీసా రేపటికి దాచుకునే పని కూడా వద్దు. మూత బిగించినా లోపల చేరిన గాలికి రుచి చెడుతుంది.

ఆల్కహాల్ లెక్క కూడా చూసుకోండి, కలిపాం కదా తగ్గిపోతుంది అనుకునేవాళ్ళు చాలామంది. 5 శాతం లాగర్ 650లో ఆల్కహాల్ 32.5 మిల్లీలీటర్లు. 5 శాతం స్టౌట్ 330లో 16.5. మొత్తం 49, కలిపినదీ 5 శాతమే. అదే లాగర్ 8 శాతం స్ట్రాంగ్ అయితే 52 ప్లస్ 16.5, అంటే 68.5. కలిపినది 7 శాతం. తలా ఒక గ్లాసుకి దాదాపు 23 మిల్లీలీటర్లు, గ్రాముల్లో 18. నల్ల పొర మెత్తగా దిగుతుంటే ఇది తెలియదు, కాబట్టి స్ట్రాంగ్‌తో కలిపినప్పుడు గ్లాసుల లెక్క వేలిమీద పెట్టుకోండి. ఆ రోజు బండి తాళం ఇంట్లో ఉండాలి.

లేత బీరు ఎంపిక మీద ఇంకొక్క మాట. కలిపితే చెడ్డ బీరు మంచిదైపోదు. పాతబడ్డ లాగర్‌లో తడిసిన అట్టపెట్టె వాసన ఉంటుంది, స్టౌట్ దాన్ని దాచదు, ఇంకా పైకి తెస్తుంది. సీసా మీద తయారీ తేదీ చూడండి. రెండు మూడు నెలల లోపుది దొరికితే అదే తీసుకోండి. దుకాణంలో ఎండ తగిలే అరలో నిలబెట్టిన ఆకుపచ్చ సీసా వద్దు. వెలుతురు హాప్స్ చేదుని విరిచి దుర్వాసన పుట్టిస్తుంది. గోధుమ రంగు సీసా, డబ్బా దీన్ని ఆపుతాయి, ఆకుపచ్చది పెద్దగా ఆపదు. గోధుమ బీర్లలో రెండు రకాలున్నాయి. జర్మనీ తరహావి అరటిపండు, లవంగం వాసనతో ఉంటాయి, స్టౌట్‌తో రెండుకి ఒకటి చక్కగా కుదురుతాయి. బెల్జియం తరహావాటిలో ధనియాలు, నారింజ తొక్క వేస్తారు. వాటికి మూడుకి ఒకటి దాటకండి, దాటితే నారింజ తొక్కా కమురూ కొట్టుకుంటాయి.

నల్ల బీరుకి వస్తే, మనకి దగ్గర్లో తయారయ్యేవాటిలో ఛత్తీస్‌గఢ్‌లోని దుర్గ్ నుంచి వచ్చే సింబా స్టౌట్ ఒకటి. దుకాణంలో అడిగేటప్పుడు స్ట్రాంగ్ వేరు, స్టౌట్ వేరు అని విడమరిచి చెప్పండి. రెండు మాటలూ ఒకేలా వినిపించి కౌంటర్ దగ్గర తరచూ తారుమారవుతాయి. సొంతంగా బీరు కాచే పబ్బులున్న నగరాలకి వెళ్ళినప్పుడు ఇంకా సులువు: ఆ రోజు కొళాయిలో ఉన్న గోధుమ బీరు రెండు పాళ్ళు, స్టౌట్ ఒక పాలు ఒకే గ్లాసులో కలపమనండి. తాజాది, తేదీ బెంగ లేదు.

సరిహద్దు ఊళ్ళ వాళ్ళం కాబట్టి ఇది చెప్పాలి. ఇచ్ఛాపురం కూతవేటు దూరమే, అక్కడ దొరికింది కదా అని సంచిలో వేసుకుని ఒడిశాలోకి రావద్దు. ఎక్సైజ్ చట్టం రాష్ట్రం రాష్ట్రానికి వేరు, అనుమతి లేకుండా గీత దాటిస్తే కేసు అవుతుంది. పర్లాకిమిడి, రాయగడ, జయపురం వాళ్ళకీ ఇదే మాట. మహారాష్ట్ర వైపు సిరొంచ తెలుగువాళ్ళకైతే దారే లేదు, గడ్చిరోలి జిల్లాలో 1993 నుంచి మద్యనిషేధం. పక్కనున్న చంద్రపూర్‌లో 2015లో పెట్టిన నిషేధం 2021లో ఎత్తేశారు గానీ అక్కడ కొన్నది అక్కడే. ఒడిశాలో 21 ఏళ్ళు నిండాలి. నల్ల బీరు దొరకడం లేదని ఇంట్లో కాచుకోవడం కూడా లైసెన్సు లేకుండా నేరమే.

స్టౌట్ అసలు దొరకని ఊరికి ఒక ఉపాయం ఉంది. అది స్టౌట్ కాదు, కానీ వేయించిన వాసన వరకు న్యాయం చేస్తుంది. కోరాపుట్ కొండల అరబికా కాఫీ, చికోరీ కలపనిది, బొరుసుగా పట్టించినది 20 గ్రాములు 200 మిల్లీలీటర్ల చన్నీళ్ళలో వేసి ఫ్రిజ్‌లో 12 గంటలు నానబెట్టండి. పల్చటి గుడ్డలో వడకట్టండి, పిండకండి, పిండితే మడ్డి దిగి వగరు వస్తుంది. గ్లాసులో ముందు ఈ కాఫీ 15 మిల్లీలీటర్లు పోసి, దాని మీద 300 మిల్లీలీటర్ల మైల్డ్ లాగర్ గోడ వెంట పోయండి. వరస మారిస్తే, అంటే బీరులో కాఫీ పోస్తే, పొంగుతుంది. వేడి డికాక్షన్ అసలే వద్దు. రంగు తేనెకీ టీకీ మధ్యలో ఉంటుంది, వాసన మాత్రం వేయించిన గింజదే. మోతాదు పెంచకండి. కాఫీ మత్తుని తగ్గించదు, నిద్రమబ్బుని మాత్రం దాచిపెడుతుంది. దానివల్ల ఎంత తాగారో ఒంటికి తెలియదు.

పేర్ల గురించి ఒక హెచ్చరిక. వీడియోలో దీన్ని బ్లాక్ అండ్ టాన్ అని ఉంటారు. ఐర్లండులో ఆ పేరుతో అడగకూడదు. అక్కడి స్వాతంత్ర్య పోరాటాన్ని అణచడానికి 1920లో బ్రిటిష్ ప్రభుత్వం దింపిన బలగాన్ని జనం ఆ పేరుతోనే పిలిచారు, ఆ గాయం ఇంకా మానలేదు. అక్కడ హాఫ్ అండ్ హాఫ్ అంటారు, గిన్నిస్ అడుగున హార్ప్ లాగర్ పోస్తారు. చెక్ దేశంలో నల్ల లాగర్, లేత లాగర్ కలిపితే దాని పేరుకి అర్థం "కోసిన బీరు". రెండూ సాధారణంగా ఒకే బీరు కంపెనీ కాచిన లాగర్లే కాబట్టి కమురు తక్కువ, సగం సగం పోసినా నోరు నొవ్వదు. అమెరికాలో యూంగ్లింగ్ కంపెనీ పోర్టర్ అనే నల్ల బీరు 60 పాళ్ళు, లేత బీరు 40 పాళ్ళు ముందే కలిపి సీసాల్లో అమ్ముతుంది. ఇంగ్లండు పబ్బుల్లో పీపాలో నీరసపడ్డ బిట్టర్ అనే చేదు బీరు అర పింటు పోసి, దాని మీద లైట్ ఏల్ అనే తేలికపాటి సీసా బీరు పోసేవాళ్ళు. సీసాలోని గ్యాస్ పీపా బీరుకి ప్రాణం పోసేది.

రంగులు కాక వయసులు కలిపే సంప్రదాయం ఇంకా లోతైనది. బెల్జియంలో గ్యూజ్ అనే బీరు ఒకటి, రెండు, మూడేళ్ళ లాంబిక్ అనే పుల్లటి బీర్లని కలిపి చేసేది. రోడెన్‌బాక్ వాళ్ళ మామూలు బీరులో 75 పాళ్ళు కొత్తది, 25 పాళ్ళు పెద్ద చెక్క పీపాల్లో రెండేళ్ళు పులిసినది. పొద్దున దించిన తీపి కల్లులో నిన్నటి పులిసిన కల్లు కాస్త కలిపితే రుచి ఎక్కడికి వెళ్తుందో మన వైపు వాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు. అదే లెక్క ఇది.

తిండి. మిరపకాయ మంటని బీరు చల్లార్చదు. చల్లదనం ఒక క్షణం మోసం చేస్తుందంతే. గ్యాస్, ఆల్కహాల్, కమురు చేదు మూడూ కారాన్ని ఎగదోస్తాయి. అందుకని కారం పట్టించిన గోపాలపూర్ రొయ్యల వేపుడుకి నలుపు తగ్గించి మూడుకి ఒకటి పోయండి. అదే రొయ్యలు ఉప్పు, మిరియాలతో పెనం మీద అంచులు ఎర్రబడేలా కాలిస్తే రెండుకి ఒకటి అద్భుతంగా ఉంటుంది, కాలిన అంచుకీ వేయించిన బార్లీకీ ఒకటే వాసన. బరంపురం అప్పడం నూనెలో వేయించకుండా నిప్పుల మీద కాల్చండి. నూనె పెదవికి అంటి గ్లాసు అంచున చేరితే కష్టపడి తెచ్చుకున్న నురగ పోతుంది. ఊరగాయ మాత్రం ఈ గ్లాసు పక్కన వద్దు. పులుపు మీద కమురు పడితే లోహం రుచి వస్తుంది.

అన్నిటికన్నా బాగా కుదిరేది ఛెనాపోడ, అంటే విరిగిన పాల ఛెనాలో చక్కెర కలిపి కాల్చే ఒడిశా మిఠాయి. అడుగు మాడి ముదురు గోధుమ రంగు తిరిగిన ముక్క అడిగి తెచ్చుకోండి, మధ్యలోది కాదు. దానికి మాత్రం పాళ్ళు పెంచి సగం సగం పోయండి. చక్కెర పాకం మాడిన తీపి కమురు చేదుని తనలో కలిపేసుకుంటుంది, అప్పటిదాకా ఎక్కువనిపించిన నలుపు సరిపోతుంది. ఫ్రిజ్‌లోంచి తీసిన గ్లాసుని పది నిమిషాలు బయట ఉంచి 10 డిగ్రీల దగ్గరికి రానిచ్చి తాగండి. మరీ చల్లగా ఉంటే తీపీ తెలియదు, చాక్లెట్ వాసనా తెలియదు.